టాప్ గేర్ పెద్దాయన

పోయిన వారం ఒకావిడ కారు తీసుకొచ్చింది. ఇంజన్లో ఏదో చప్పుడట. ఎలాంటి చప్పుడమ్మా అని అడిగితే, నోటితో చేసి చూపించబోయి సిగ్గుపడి ఆగిపోయింది. నేను వేళ్ళు మడిచి, కణుపులతో బల్ల మీద కొట్టాను. ఇలాగా, లేకపోతే ఇలాగా అన్నాను. రెండోదే అంది. ఆవిడ వెళ్ళిపోయాక కూడా నా చెయ్యి బల్ల మీదే ఉంది. ఈ అలవాటు నాది కాదు. నేను పని నేర్చుకున్న తెనాలి షెడ్డులో ఎవరూ ఇలా చేసేవారు కాదు. ఇది ఆయనది. మనిషి పోయి చాలాకాలమైంది గానీ, ఈ కొట్టుడు నాకు అంటించి పోయాడు.

ఆయన పేరు నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. వాళ్ళ ఊరివాళ్ళు బాపు అనేవారు, రోడ్డు మీద మిగతా డ్రైవర్లూ బాపు అనే పిలిచేవారు. నా ఫోన్లో మాత్రం 'టాప్ గేర్' అని ఉండేది. ఆ పేరు పెట్టింది నేనే. కోపంలో పెట్టాను.

శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్త అది. పాత బెంగళూరు రోడ్డు పక్కన నా షెడ్డు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎయిర్‌పోర్టు కింద భూములు పోయినవాళ్ళు చాలామంది కార్లు కొన్నారు. విమానాలు దిగుతాయి, జనం దిగుతారు, ఆ జనాన్ని ఊళ్ళోకి దింపి బతకొచ్చు అన్నది లెక్క. లెక్క తప్పేమీ కాదు. కాకపోతే వీళ్ళంతా బండి నడపడం నేర్చుకున్నది ట్రాక్టర్ల మీద. ట్రాక్టరుకు గేరు ఒకసారి వేస్తే చాలు దుక్కి అయ్యేదాకా దాని జోలికి పోనక్కర్లేదు. కారులో కూడా అదే పద్ధతి. కదిలీ కదలకముందే టాప్ గేర్‌లో పడేసి, ఎద్దులబండి వెనకాల కూడా అందులోనే ఈడ్చేవాళ్ళు. ఇంజన్ లోపల గిలగిల్లాడేది. ఆ రోజుల్లో నా దగ్గరికి ఒకే రకం చప్పుడుతో ఎన్ని కార్లు వచ్చేవంటే, దానికి నేను ట్రాక్టరు జబ్బు అని పేరు పెట్టాను.

ఆ జబ్బు ముదిరిపోయిన మనిషి ఈయన.

మొదటిరోజు బండి షెడ్డు ముందు ఆపి, ఇంజన్ కట్టెయ్యకుండానే దిగాడు. పొడుగ్గా, సన్నగా, పంచె మీద ఖాకీ చొక్కా. కాళ్ళకు చెప్పుల్లేవు. చెప్పులు పక్కసీటు కింద బుద్ధిగా పెట్టి ఉన్నాయి. ఆ తర్వాత ఎప్పుడూ ఆయన చెప్పులేసుకుని బండి నడపడం నేను చూడలేదు. ఒకసారి అడిగితే, "కళ్ళంల చెప్పులేసుకొని తిరుగుతమా ఉస్తాద్?" అని నన్నే ఎదురడిగాడు. వడ్లు నూర్చే చోటికి చెప్పులతో పోకూడదన్నది వాళ్ళ పట్టింపు. ఇప్పుడు ఆయన గింజలు రాలేది ఈ కారులోనే కాబట్టి ఇదీ కళ్ళమే.

వచ్చినవాడు నమస్కారం లేదు, పలకరింపు లేదు. నా బల్ల దగ్గరికి వచ్చి కణుపులతో కొట్టడం మొదలుపెట్టాడు.

"గగన్‌పహాడ్ దాటంగ గిట్ల," అని మెల్లగా కొట్టాడు. "వంతెన ఎక్కుతుంటె గిట్ల." ఈసారి గట్టిగా. "దిగుతుంటె ఏం లేదు. జర సూడు నువ్వు."

నువ్వు అనేసరికి నాకు చిర్రెత్తింది. మా వైపు ముఖపరిచయం లేని మనిషిని నువ్వు అంటే కొట్లాటే. ఇక్కడ అది మర్యాద తక్కువ కాదని నాకు అప్పటికి తెలిసినా ఒంటికి పట్టలేదు. "చూస్తానండీ, మీరు కాస్త అవతల కూర్చోండి," అన్నాను, ఆ 'మీరు'ను కొంచెం నొక్కి. ఆయనకు అర్థమైనట్టు లేదు.

డీజిల్ ఇంజన్లో చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. నాలుగు సిలిండర్లకూ నాలుగు సన్నటి డీజిల్ గొట్టాలు వెళతాయి. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో గొట్టం నట్టు కాస్త వదులు చేస్తే ఆ సిలిండర్ పని మానేస్తుంది. ఏది మానేసినప్పుడు చప్పుడు కూడా తగ్గుతుందో జబ్బు అక్కడున్నట్టు. మొదటిది వదులు చేశాను, చప్పుడు అలాగే ఉంది. రెండోదానికీ అంతే. మూడోదానికి సగానికి సగం తగ్గింది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టుకుని విన్నాను. లోతుగా, బరువుగా, లోపలి నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టుంది. పై చప్పుళ్ళకు భయపడక్కర్లేదు. ఇలా అడుగునుంచి వచ్చే చప్పుడుకే భయపడాలి.

ఆయన వచ్చి చెయ్యి చాపాడు. స్క్రూడ్రైవర్ ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు వంగి నిలబడ్డాడు.

"నాకేం ఇనవడుతలేదు," అన్నాడు.

రెండో చెయ్యి మాత్రం తొడమీద అదే తాళంలో కొట్టుకుంటోంది.

ఆయిల్ దింపితే అందులో పసుప్పచ్చటి రజను మెరిసింది. పిస్టన్‌ను కింద తిరిగే క్రాంకుకు కలిపే రాడ్డు ఒకటుంటుంది. ఆ రెండింటి మధ్యా బేరింగ్ ఉంటుంది. అది అరిగి సందు పడితే, తిరిగిన ప్రతిసారీ రాడ్డు వెళ్ళి క్రాంకును కొడుతుంది. ఇదంతా విడమరిచి చెప్పాను. ఆయన ఆ ఆయిల్‌ను వేళ్ళ మధ్య రుద్దుకుంటూ విన్నాడు. ఇంజన్ విప్పడం మొదలుపెట్టగానే మాత్రం వెళ్ళి షెడ్డుకు వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. కాస్త ఇటు చూడండి, ఏం పాడైందో చూపిస్తానంటే కూడా తిరగలేదు.

"కడుపు కోసేటప్పుడు ఇంటోళ్ళు లోపటికి పోతరా? దవాఖాన బయటనే కూసుంటరు."

అలా కూర్చుని ఆకాశం చూసేవాడు. విమానం ఒకటి కిందికి దిగుతూ మా నెత్తిమీదుగా పోతే, "ఇగో, మా చెల్కల దిగింది," అన్నాడు. చెల్క అంటే మెట్టచేను. హాస్యమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. తర్వాత ఎన్నిసార్లు ఆ మాట విన్నానో. మాట్లాడుతున్నవాడు మధ్యలో ఆపి, విమానం చక్రాలు కనిపించేదాకా చూసి, "మా చెల్కల దిగింది," అనేసి, ఆపిన దగ్గర్నుంచి మళ్ళీ అందుకునేవాడు. కోపం లేదు, గర్వం లేదు. పక్కింటికి చుట్టాలొచ్చారని చెప్పినట్టు చెప్పేవాడు. వినే నాకే మనసు పాడయ్యేది.

లేత్ షాపువాళ్ళు క్రాంకు కొలిచి పెదవి విరిచారు. క్రాంకు గరుకు తేలితే సానబట్టి నున్నగా చేసి, కాస్త మందం బేరింగులు వేస్తాం. అలా ఒకటి రెండుసార్లే కుదురుతుంది. ఈ క్రాంకును సానబట్టగలిగినంతా ఎవరో ముందే సానబట్టేశారు. ఇక మిగిలింది పైపైన రుద్ది బేరింగులు మార్చడమే. నేను ఆయనకు దాచకుండా చెప్పాను. ఈ ఇంజన్ మీరు కొనేనాటికే సగం పోయి ఉంది అన్నాను.

"కొన్ననాడు సప్పుడే లేకుండె."

"చిక్కటి ఆయిల్ పోసుంటారండీ. గేర్ బాక్సులో పోసే ఆయిల్ ఇంజన్లో పోస్తే చప్పుడు కొన్నాళ్ళు అణిగి ఉంటుంది. అమ్మేవాళ్ళు చేసే పనే అది."

"మా సడ్డకుని తమ్ముడే ఇచ్చిండు," అన్నాడు. తోడల్లుడి తమ్ముడన్నమాట. మళ్ళీ తనే, "సుట్టమే గద," అన్నాడు. చుట్టమే కదా అలా ఎందుకు చేస్తాడని అన్నాడో, చుట్టమే కదా పోనీలే అన్నాడో అడగలేదు. రెండూ అని ఉంటాడు.

బేరింగులు వేసి బిగించాక చప్పుడు పోయింది. నేను సంతోషంగా స్టార్ట్ చేసి చూపిస్తే, ఆయన అనుమానంగా బానెట్ మీద చెయ్యేసి, "నడుస్తుందా ఇది?" అని అడిగాడు. పక్కన కూర్చుని నడిపించాను. గేరు తగ్గించండి, అన్నాను. తగ్గించాడు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్‌ను స్వేచ్ఛగా తిరగనివ్వండి, టాప్‌లో ఈడిస్తే దెబ్బలన్నీ ఆ బేరింగుకే అన్నాను. సరే అన్నాడు. నేను చెప్పినట్టే నడిపి, నన్ను షెడ్డు దగ్గర దింపి, మలుపు తిరిగాడు. మలుపు అవతలనుంచి ఇంజన్ మూలుగు వినిపించింది. మళ్ళీ టాప్ గేర్. ఫోన్లో పేరు పెట్టుకున్నది ఆ సాయంత్రమే.

తిట్టడానికి నేను వెనకాడలేదు. ఆయన నా షెడ్డు ముందునుంచి పోయినప్పుడల్లా స్పానరుతో సైగ చేసేవాణ్ణి. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపి, నా కోసం గేరు తగ్గించి, నన్ను దాటాక మళ్ళీ వేసుకునేవాడు. గేరు మార్చినప్పుడల్లా బండి డీజిల్ తాగుతుందని, ఇంజన్ ఎంత తక్కువ తిరిగితే అంత ఎక్కువ కాలం బతుకుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఏ స్పానరూ విప్పలేదు.

ఎయిర్‌పోర్టు లోపల నిలబడే వీలు ఆయనకు లేదు. బయటి రోడ్డు మీదికి సంచులు మోసుకుంటూ నడిచొచ్చేవాళ్ళూ, డ్యూటీ దిగి ఇళ్ళకు పోయేవాళ్ళూ, పెళ్ళిళ్ళవాళ్ళూ, అంతే ఆయన గిరాకీ. చప్పుడు మళ్ళీ మొదలయ్యాక అదీ తగ్గింది. ఒకరోజు నేను చప్పుడు వినడానికి ముందుసీట్లో కూర్చుని ఉండగా, దారిలో ఇద్దరు సూట్‌కేసులవాళ్ళను ఎక్కించుకున్నాడు. ఎక్కిన కాసేపటికే ఒకాయన, "ఏమిటండీ ఆ శబ్దం?" అని అడిగాడు.

"రోడ్డు మంచిగ లేదు సార్," అన్నాడీయన.

అద్దంలా ఉంటుంది ఆ రోడ్డు. నీళ్ళు పోస్తే జారిపోతాయి. సూట్‌కేసులాయన నా వైపు చూశాడు, నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఈయన కారు రేడియోలో పాట సౌండు పెంచాడు. ఇంజన్ ఇంకా గట్టిగా కొట్టింది. ఈయన వానల గురించి, హిమాయత్ సాగర్‌లో నీళ్ళ గురించి గట్టిగట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాడు. మామూలుగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి. వాళ్ళు మధ్యలోనే ఇంకో బండి చూసుకుని దిగిపోయారు. దిగుతూ జాగ్రత్త పెద్దాయనా, అని వెళ్ళారు. తిరుగుదారిలో ఒక విమానం దిగింది. ఆయన మా చెల్కల దిగింది అనలేదు.

రెండోసారి ఇంజన్ విప్పినప్పుడు ఇక చెప్పక తప్పలేదు. క్రాంకు మీద చారలు పడిపోయాయి. పాత సామాన్ల బజారంతా తిరిగి నాలుగైదు క్రాంకులు చూశాను. అన్నీ ఇలాంటి చావు చచ్చినవే. కొత్తది వేస్తే కారుకంటే క్రాంకే ఎక్కువయ్యేట్టుంది. ఆయన ఎప్పటిలాగే వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడి చెప్పాను.

"ఇది ఇక కాదండీ. మందు లేదు దీనికి."

"ఏం దారి లేదా?"

"లేదు."

"గిట్లనే బిగించు. ఎన్ని దినాలు నడుస్తదో గన్ని దినాలు."

"నడవచ్చు, నడవకపోవచ్చు. ఒకరోజు రాడ్డు తెగి ఇంజన్ గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది. జనంతో ఉన్నప్పుడు వస్తే ఏం చేస్తారు?"

"అయితె ఇంక సల్లగ నడుపుత," అన్నాడు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన దృష్టిలో చల్లగా నడపడమంటే టాప్ గేర్‌లో నడపడమే. బండి బతకాలని ఏ పని చేస్తున్నాడో ఆ పనే దాన్ని చంపుతోంది. ఆ ముక్క ఎన్ని రకాలుగా చెప్పాను. చిన్నపిల్లాడికి చెప్పినా ఈపాటికి అర్థమయ్యేది. ఈయన శ్రద్ధగా వినేవాడు, తల ఊపేవాడు, వెళ్ళి ఇంకా నెమ్మదిగా, ఇంకా టాప్‌లో నడిపేవాడు. చేతిలో ఉన్న చివరి వస్తువును గట్టిగా పట్టుకోవడం తప్ప ఇంకో రకంగా పట్టుకోవడం ఆయనకు రాదు.

తెలంగాణ బందుల మీద బందులు నడుస్తున్న కాలంలో ఒకరోజు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఆయన బండి వచ్చి ఆగింది. చప్పుడు లేదు. పట్టులా నడుస్తోంది. నాకు క్షణంలో అర్థమైంది. చిక్కటి ఆయిల్. పక్కసీట్లోంచి రావిర్యాల కుర్రవాడొకడు దిగాడు. ఎక్కడో గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడట. అది మానేసి కారు కొనుక్కుని నడుపుకుంటాడట.

"ఉస్తాద్, బాపు బండి మీరే సూస్తరట గద. ఇంజన్ ఎట్లుందో జర చెప్పండి," అన్నాడు.

మా వృత్తిలో ఇదొక ఇబ్బంది. ఒకరి బండి గురించి ఇంకొకరికి చెప్పం. చెప్పకపోతే ఇంకొకడు మునుగుతాడు. నేను చేతులు తుడుచుకుంటూ ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. కుర్రవాడు అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని, ముందుకు వంగి రోడ్డు చూస్తున్నాడు. బండి ఆగే ఉంది.

నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు.

"ఇంజన్ బంద్ చెయ్యకు బిడ్డా. నడవనియ్యి."

"ఎందుకు బాపు?"

"సల్లగున్నప్పుడు మంచిగనే ఉంటది. ఇంక సరిగ వేడెక్కలే, జర వేడెక్కనియ్యి. అప్పుడు ఇను."

టీ తెప్పించాను. ముగ్గురం ఎండలో నిలబడి తాగాం. ఎంత చిక్కటి ఆయిలైనా వేడికి పలచబడుతుంది. ముందు ఏమీ లేదు. తర్వాత ఉందో లేదో అన్నట్టు ఒక చిన్న దెబ్బ. కుర్రవాడు తల పక్కకు వంచాడు. తర్వాత దాచడానికి ఇంకేమీ లేదు, అడుగునుంచి ఆ బరువైన కొట్టుడు వచ్చేసింది. కుర్రవాడు గ్లాసు కింద పెట్టి, ఇద్దరికీ దండం పెట్టి, షేర్ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్మనప్పుడు ఆ ఆయిల్ ఎందుకు పోశారండీ?" అన్నాను.

"పోసినప్పుడు అమ్మాలెనే అనుకున్న," అన్నాడు. "వాడు కూసున్న తీరు సూసినంక మనసొప్పలే."

ఆయన మంచితనానికి పొంగిపోయానని చెప్పను. ఆ కారుకు ఇంక కొనేవాడు రాడు, వచ్చినా ఈయన అమ్మడు. ఈయన చేతిలో అది నడవదు. అన్ని వైపులా తలుపులు మూసుకుపోయాయి, ఆఖరుది ఆయనే మూసుకున్నాడు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా, కొట్టుకుంటూ, టాప్ గేర్‌లో వెళ్ళిపోయాడు. మళ్ళీ నా షెడ్డుకు రాలేదు.

కొన్నాళ్ళకు ఆ నంబరు నుంచే ఫోన్ వచ్చింది. గొంతు ఆయనది కాదు, కొడుకుది. బాపు పోయిండు సార్, అన్నాడు. పొద్దున లేవలేదట. దశదినకర్మ అయిపోయింది, పాతసామాన్ల ఆయన కారు చూడ్డానికి వస్తానన్నాడు, స్టార్ట్ అయితే కాస్త మంచి ధరకు తీసుకుంటాడట, మీరొచ్చి స్టార్ట్ చేసి పెట్టాలి అన్నాడు. బ్యాటరీ ఒకటి బండిలో వేసుకుని వెళ్ళాను.

ఇంటి ముందు రేకుల కింద ఉంది కారు. టైర్లలో గాలి లేదుగానీ పైన దుమ్ము మాత్రం పెద్దగా లేదు. పోయేదాకా ఆయన రోజూ తుడిచేవాడట. కొడుకు, కోడలు, పాతసామాన్ల మనిషి నిలబడి ఉన్నారు. బ్యాటరీ బిగించి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను. రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకుంది. కాసేపు సాఫీగా నడిచింది. కొడుకు ముఖంలో ఆశ కనిపించింది. తర్వాత చప్పుడు మొదలైంది. రేకుల కింద కాబట్టి ఇంకా గట్టిగా వినిపించింది.

ఇంట్లోంచి ఆయన భార్య వచ్చింది. చేతిలో నీళ్ళ చెంబు. గబగబా గడప దాటి, రెండు మెట్లు దిగి, కారు దగ్గరికి వస్తూ వస్తూ నన్ను చూసి ఆగిపోయింది. ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. దాహానికి తెచ్చిందేమో అనుకుని చెయ్యి చాపబోయాను.

కోడలు నా పక్కకు వచ్చి నెమ్మదిగా చెప్పింది. "మామ వచ్చేది గీ సప్పుడుతోనే తెలుస్తుండె సార్. ఊరి మొదట్ల ఉండంగనే ఇనవడేది. అత్త కాళ్ళకు నీళ్ళు పట్టుకొని బయటికొస్తుండె."

పాతసామాన్ల మనిషి బానెట్ మీద చెయ్యి పెట్టి తల అడ్డంగా ఊపాడు. "ఇంజన్ పోయింది గద అన్నా. తుక్కు కిందనే తీసుకుంట. బంద్ చెయ్యి ఇగ."

నా చెయ్యి తాళం మీదే ఉంది. ఆమె చెంబు పట్టుకుని అక్కడే నిలబడి, ఖాళీ డ్రైవరు సీటు వైపు చూస్తోంది. ఆమె లోపలికి వెళ్ళాక ఆపుదామనుకున్నాను. ఆమె వెళ్ళలేదు.